మారథాన్ శిక్షణ, మనసు నిలకడ: అపోహలు - వాస్తవాలు

హైదరాబాద్ మారథాన్ ఆగస్టులో జరుగుతుంది. అంటే మన శిక్షణ ఏప్రిల్, మే ఎండల్లో మొదలై వానాకాలపు ఉక్కపోతలో ముగుస్తుంది. మధ్యలో పెళ్లిళ్లు, పిల్లల అడ్మిషన్లు, ఆఫీసు డెడ్‌లైన్లు. కోచ్‌గా నేను చూసినంతలో, ఈ నాలుగైదు నెలల్లో కాళ్ల కంటే ముందు మనసు అలసిపోయి ఆపేసేవాళ్లే ఎక్కువ. అందులో చాలామందిని దెబ్బతీసేది ఈ అపోహలే.

అపోహ: ప్రతి పరుగూ ప్రాణం పెట్టి పరిగెత్తాలి.

వాస్తవం: అన్నిటికంటే ఎక్కువ నష్టం చేసేది ఇదే. స్టీఫెన్ సీలర్ అనే పరిశోధకుడు ప్రపంచస్థాయి క్రీడాకారుల శిక్షణను పరిశీలిస్తే, సుమారు 80 శాతం సెషన్లు తేలికపాటివేనని తేలింది. తేలిక అంటే పక్కవాళ్లతో ఆయాసం లేకుండా పూర్తి వాక్యాలు మాట్లాడగలిగే వేగం. ఆదివారం తెల్లవారుజామున నెక్లెస్ రోడ్డు మీద చూడండి. ఈజీ రన్ అని కబుర్లు చెప్పుకుంటూ బయల్దేరిన గుంపును ఇంకో గ్రూపు దాటి వెళ్తుంది. అంతే, వీళ్లూ వేగం పెంచేస్తారు. కాసేపటికి మాటలు ఆగిపోయి ఊపిరి చప్పుడే వినిపిస్తుంది. ఇంటికెళ్లి యాప్‌లో పేస్, అంటే ఎంత వేగంగా పరిగెత్తామో, చూసుకుంటే సంతోషంగానే ఉంటుంది. కానీ మంగళవారం ఇంటర్వల్స్ (మధ్యమధ్యలో విరామమిస్తూ వేగంగా చేసే పరుగులు) చేద్దామంటే కాళ్లు కదలవు. "ఇక నా వల్ల కాదేమో" అన్న టెన్షన్ అక్కడ మొదలవుతుంది. మనం ఏకాగ్రత లేదనుకునేది చాలాసార్లు తీరని అలసటే.

ఈజీ రన్ రోజున వాచీలో పేస్ కనిపించకుండా పెట్టి, సమయం మాత్రం ఉంచుకోండి. మే నెలలో అదే వేగానికి గుండె ఎక్కువ కొట్టుకుంటుంది కాబట్టి ఇంకా నెమ్మదించాలి. అది వెనకబడటం కాదు.

అపోహ: నిద్ర తగ్గించుకుంటేనే అన్నిటికీ టైమ్ దొరుకుతుంది.

వాస్తవం: పరుగు ఒంటిని అలసిపోయేలా చేస్తుంది, బలం పుంజుకునేది విశ్రాంతిలోనే. రాత్రి పదకొండుకి అమెరికా కాల్ ముగించి, నాలుగింటికే లేచి 25 కిలోమీటర్లు పరిగెడితే ఆ బలం వచ్చేదెప్పుడు? అలాంటి వారంలో లాంగ్ రన్‌ను తగ్గించండి, లేదా ఇంకో రోజుకి మార్చండి. పొద్దున లేవగానే మంచం మీదే నాడి చూసుకోవడం అలవాటు చేసుకోండి. మీ మామూలు లెక్క కంటే ఏడెనిమిది ఎక్కువగా వరుసగా రెండు మూడు రోజులు ఉంటే ఆ రోజు పరుగు వద్దు. ఇంకో గుర్తు చిరాకు. అది మనకంటే ముందు ఇంట్లోవాళ్లకి తెలుస్తుంది. "ఈ మధ్య ఊరికే విసుక్కుంటున్నావు" అన్నారంటే వాళ్ల మాట వినండి.

అపోహ: ఒకరోజు తప్పితే మర్నాడు రెండింతలు చేయాలి.

వాస్తవం: వద్దు. పోయిన పరుగును పోనిచ్చి, ప్లాన్‌లో మర్నాటికి ఏముంటే అదే చేయండి.

అపోహ: కష్టం తెలియకుండా మనసును వేరేదాని మీదకి మళ్లించాలి.

వాస్తవం: 1977లో మోర్గన్, పోలక్ అనే పరిశోధకులు మేటి మారథాన్ రన్నర్లను అడిగితే, వాళ్లు దీనికి విరుద్ధంగా చెప్పారు. ఊపిరి, కాళ్ల బరువు, కండరాల బిగువు గమనించుకుంటూ, దాన్ని బట్టే వేగం సరిచేసుకుంటారట. పాటలు వింటూ పరిగెత్తడం తప్పేమీ కాదు. కానీ లాంగ్ రన్ చివరి భాగంలో ఇయర్‌ఫోన్లు తీసేసి భుజాలు బిగుసుకున్నాయా, అడుగు బరువుగా పడుతోందా అని చూసుకోవడం ప్రాక్టీస్ చేయండి. రేసు రోజు ఫ్లైఓవర్లు ఎక్కేటప్పుడు పనికొచ్చేది ఇదే.

అపోహ: చివరి రెండు వారాలు తగ్గిస్తే ఇన్నాళ్ల శ్రమ పోతుంది.

వాస్తవం: పోదు. టేపర్ అనే ఈ దశలో దూరాన్ని దాదాపు సగానికి తగ్గించి, వేగంగా చేసే కొద్ది పరుగులను అలాగే ఉంచితే రేసులో ఫలితం మెరుగవుతుందని పరిశోధనలు చెబుతున్నాయి. కానీ ఈ రోజుల్లోనే చాలామందికి కాళ్లు బరువెక్కినట్టు ఉంటుంది, లేని మోకాలి నొప్పి గుర్తొస్తుంది, నిద్ర పట్టదు. భయంతో ఇంకో 30 కిలోమీటర్లు పరిగెత్తేస్తారు. దయచేసి ఆ పని చేయకండి. మిగిలిన సమయంలో నెలల తరబడి ఆదివారాలు మీకోసం సర్దుకుపోయిన ఇంట్లోవాళ్లతో టిఫిన్‌కి వెళ్లండి. కొత్త బూట్లు, కొత్త జెల్స్ (పరుగు మధ్యలో శక్తి కోసం తీసుకునేవి), కొత్త వ్యాయామాలు మాత్రం ఆ రెండు వారాల్లో వద్దు.