బూట్‌డిలే -2 పెట్టే ముందు

ప్రతి ప్రాజెక్టు చివరి నెలలోనూ ఎవరో ఒకరు నా టేబుల్ దగ్గరకు వచ్చి, “బూట్ ఆలస్యమవుతోంది, డీబగ్ అంతా తీసేద్దామా?” అని అడుగుతారు. పోయిన వారం కొత్తగా చేరిన ఒక అమ్మాయి వచ్చింది. యూ-బూట్‌లో (పవర్ ఇవ్వగానే నడిచి, లినక్స్ కెర్నల్‌ను లోడ్ చేసే బూట్‌లోడర్) బూట్‌డిలే, అంటే కెర్నల్‌కు వెళ్లే ముందు ఎవరైనా ఆపుతారేమోనని ఆగే సెకన్ల సెట్టింగ్, అప్పటికే -2 చేసేసింది.

అపోహ: 0 కన్నా -2 వేగం.

వాస్తవం: ఇప్పటి యూ-బూట్‌లో ఈ రెండింటిలోనూ నిరీక్షణ లేదు. 0 పెడితే ఎవరైనా కీ నొక్కారా అని సీరియల్ పోర్టును (కంప్యూటర్ నుంచి బోర్డుతో మాట్లాడే వైరు) ఒక్కసారి చూసి కదులుతుంది; నొక్కి ఉంటే ఆగి ప్రాంప్ట్ (కమాండ్లు టైపు చేసే చోటు) ఇస్తుంది. -2 పెడితే అదీ చూడదు. ఆ ఒక్క చూపుతో మీ బూట్ సమయంలో తేడా కనబడదు. రెండు సెకన్లు తినేది చాలా బోర్డుల్లో డిఫాల్టుగా ఉండే 2. దాన్ని 0 చేసి ఆగిపోండి.

నేను ఒకప్పుడు ఆగలేదు. -2 పెట్టి, పెట్టెలు బిగించి పంపించాం. తరువాతి అప్‌డేట్‌లో డివైస్ ట్రీ (బోర్డు మీద ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కు చెప్పే ఫైలు) తప్పింది. కెర్నల్ పానిక్ (కోలుకోలేక ఆగిపోవడం), వాచ్‌డాగ్ (ఆగిపోయిన బోర్డును తిరిగి మొదలుపెట్టే టైమర్) రీసెట్, మళ్లీ అదే కెర్నల్. సీరియల్ వైర్లు సర్వీస్ సాకెట్‌లోకి తెచ్చి ఉంచాం కూడా. కానీ కీ ఎంత నొక్కినా లోపల వినేవారు లేరు. ఒక్కో పెట్టె మరలు విప్పి జేట్యాగ్ (చిప్‌లోకి నేరుగా వెళ్లే డీబగ్ కనెక్షన్) తగిలిస్తూ పది రోజులు గడిపాను. 0 ఉంటే కీ నొక్కిపట్టి పవర్ ఇస్తే సరిపోయేది. పానిక్ అయిన కెర్నల్ బూట్‌లోడర్ దృష్టిలో విజయవంతమైన బూటే. కాబట్టి “ఫెయిలైతే ప్రాంప్ట్‌కు వస్తుందిగా” అని ధైర్యం చెప్పేవారి మాట వినకండి.

అపోహ: లాగ్‌లు ఆపితే సమస్య వచ్చినప్పుడు గుడ్డివాళ్లమవుతాం.

ఈ భయం నాకు అర్థమవుతుంది. అయితే ఆ లాగ్‌లన్నీ సీరియల్ పోర్టు మీదే వస్తాయి. దాని వేగం 115200 బాడ్ (సెకనుకు అన్ని బిట్లు) దగ్గర ఒక్కో అక్షరానికి 10 బిట్లు, అంటే సెకనుకు 11,520 అక్షరాలు. 23 వేల అక్షరాల లాగ్ అంటే రెండు సెకన్లు అచ్చుకే పోతాయి. కెర్నల్‌కు ‘క్వైట్’ (తక్కువ మాట్లాడు అనే ఆప్షన్) ఇవ్వండి. తీవ్రమైన ఎర్రర్లు కన్సోల్ మీద కనబడుతూనే ఉంటాయి, మిగతావి బఫర్‌లో ఉంటాయి, డీమెసేజ్ కమాండ్‌తో చదువుకోవచ్చు.

ఫాల్కన్ మోడ్ (పూర్తి యూ-బూట్‌ను దాటేసి నేరుగా కెర్నల్‌కు వెళ్లే పద్ధతి) పెడితే ప్రాంప్ట్ శాశ్వతంగా పోతుందన్నది ఇంకో పుకారు. ఎస్‌పీఎల్ (యూ-బూట్‌లో ముందుగా నడిచే చిన్న భాగం) నేరుగా కెర్నల్‌కు వెళ్లాలా, పూర్తి యూ-బూట్‌కు వెళ్లాలా అని తేల్చే ఫంక్షన్ బోర్డు కోడ్‌లో మీ చేతిలోనే ఉంటుంది. ఒక జీపీఐఓ పిన్ (కోడ్ చదవగల మామూలు పిన్) చూసేలా రాసుకోండి.

తెరిచి ఉంచిన ప్రాంప్ట్ దొంగలకూ దారే, నిజం. దానికి పాస్‌వర్డ్ అడిగే సదుపాయం ఉంది, టైపు చేయడానికి కాస్త వ్యవధి మాత్రం ఇవ్వాలి.

ఆ అమ్మాయి చేత -2 తీయించి, బూట్‌స్టేజ్ రిపోర్టు (బూట్‌లో ఏ దశకు ఎంత సమయం పట్టిందో చెప్పే పట్టిక) తెప్పించాను. సమయమంతా యూఎస్‌బీ స్కాన్‌లో పోతోంది. ఆ బోర్డుకు యూఎస్‌బీ సాకెట్టే లేదు.