ఎంఎస్ చికిత్స: ఏ బాధా లేని నెలల్లోనూ మందు ఎందుకు?

మన రోగనిరోధక శక్తే మెదడు, వెన్నుపాములోని నరాల పైపొరను దెబ్బతీసే జబ్బు మల్టిపుల్ స్క్లెరోసిస్ (ఎంఎస్). ఎక్కువగా 20-40 ఏళ్ల మధ్య బయటపడుతుంది. నరాల డాక్టరుగా నేను తరచూ వినే మాటలు కొన్ని.

అపోహ: స్టెరాయిడ్ ఎక్కించారు, చూపు వచ్చేసింది. ఇక జబ్బు పోయినట్టే.

వాస్తవం: అన్నిటికన్నా ఎక్కువ నష్టం చేసేది ఈ నమ్మకమే. మిథైల్ ప్రెడ్నిసొలోన్ అనే స్టెరాయిడ్‌ను రోజుకు 1 గ్రాము చొప్పున 3 నుంచి 5 రోజులు ఎక్కిస్తాం. దానివల్ల ఆ రిలాప్స్ (జబ్బు తిరగబెట్టడం) నుంచి త్వరగా కోలుకుంటారు. తర్వాతిది రాకుండా మాత్రం అది ఆపలేదు. అందుకు దీర్ఘకాలం వాడే మందులు వేరే ఉన్నాయి. ఒంట్లో హాయిగా ఉన్న నెలల్లో కూడా ఎమ్మారైలో కొత్త మచ్చలు కనిపిస్తుంటాయి. అందుకే "బాగానే ఉన్నాను కదా డాక్టర్ గారూ" అంటూ మందు మానేసినవాళ్లను చూస్తే నాకు భయం వేస్తుంది. ఫింగోలిమోడ్, నటాలిజుమాబ్ లాంటివి ఉన్నట్టుండి ఆపేస్తే జబ్బు మునుపటికంటే గట్టిగా తిరగబెట్టవచ్చు.

అపోహ: ఆ మందులు మనం కొనగలిగేవి కావు.

వాస్తవం: కొన్ని నిజంగానే చాలా ఖరీదు. అయితే రిటుక్సిమాబ్ మన దేశంలోనే తయారవుతోంది, సాధారణంగా 6 నెలలకోసారి ఎక్కిస్తాం. 2023లో ప్రపంచ ఆరోగ్య సంస్థ దీన్ని ఎంఎస్‌కు అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. మొదలుపెట్టే ముందు హెపటైటిస్ బి, టీబీ పరీక్షలు తప్పనిసరిగా చేయించుకోండి. 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఎంఎస్ కూడా ఉందని చాలా కుటుంబాలకు తెలియదు. వైకల్య ధ్రువపత్రం గురించి మీ డాక్టర్‌ని అడగండి.

అపోహ: ఎండలో తిరిగితే చూపు మసకబారింది. మళ్లీ రిలాప్స్ వచ్చింది, స్టెరాయిడ్ కావాలి.

వాస్తవం: ఒళ్లు వేడెక్కితే పాత లక్షణాలు కాసేపు పైకొస్తాయి, చల్లబడితే తగ్గుతాయి. మన మే నెల ఎండల్లో ఇది మామూలే. జ్వరం, మూత్రంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇలాగే జరుగుతుంది. ఇవేవీ లేకుండా, కొత్త లక్షణం 24 గంటలు దాటి ఉంటే వెంటనే రండి.

అపోహ: ఎంఎస్ ఉన్న అమ్మాయికి పెళ్లి, పిల్లలు వద్దు.

వాస్తవం: దయచేసి ఈ మాట ఆ అమ్మాయి ముందు అనకండి. గర్భం చివరి నెలల్లో రిలాప్స్‌లు తగ్గుతాయి, కాన్పయ్యాక మొదటి 3 నెలల్లో పెరుగుతాయి. టెరిఫ్లునోమైడ్ లాంటి మందులు కడుపులో బిడ్డకు హాని చేస్తాయి. కాబట్టి పిల్లలు కావాలనుకున్నప్పుడే, గర్భం రాకముందే వచ్చి మాట్లాడండి. మందు మార్చడానికి మాకు కొన్ని నెలల వ్యవధి కావాలి.