ఆవాలు కాదు, వట్టివేరు నాటండి

పాత బ్యాటరీలు విప్పిన జాగాలో వ్యామ్ వేసి ఆవాలు చల్లితే సీసం పోతుందా అని కందుకూరు నుంచి ఒక పాఠకుడు అడిగారు. ఆ రెంటికీ పొత్తు కుదరదు. వ్యామ్ అంటే వేరులో కాపురం పెట్టి మట్టిలోకి పోగులు చాచే శిలీంధ్రం. నేలమీది మొక్కజాతుల్లో సుమారు 70 శాతం దాన్ని రానిస్తాయి. ఆవ, క్యాబేజీ కుటుంబం రానివ్వదు. బడిలో వేరు బొమ్మ గీయించేటప్పుడు ఈ పోగులు కూడా గీయిస్తే ఎంత బాగుండును!

కొత్తపట్నం ఒడ్డున ఆరేసిన వలలు చూశారా? ఇదీ అలాంటి వలే, కాకపోతే పోగు తలవెంట్రుకలో పదోవంతు ఉంటుంది. వేరు దూరని సందుల్లో దూరి భాస్వరం తెస్తుంది, మొక్క కూలిగా చక్కెర ఇస్తుంది. చేప పడవలోకి చేరినా నాచు మాత్రం వల దారాలకే చిక్కుకుంటుంది కదా, సీసమూ అంతే. పోగు గోడలోని కైటిన్ అనే గట్టి పదార్థానికి అంటుకుంటుంది. లోపలికి జారింది పాలీఫాస్ఫేట్ అనే భాస్వరం గొలుసుతో ముడిపడుతుంది. ఆకుదాకా ఎక్కేది తక్కువ. అంటే వ్యామ్ ఇక్కడ సీసాన్ని తోడెయ్యదు, కట్టేస్తుంది. దుమ్మై లేవకుండా, బావిలోకి దిగకుండా ఆపాలంటే అదే కావాలి.

పడవ నిండా చేపలుంటే వల ఎవరు వేస్తారు? భాస్వరం ఎరువు సూపర్ ఫాస్ఫేట్ గుమ్మరిస్తే మొక్క శిలీంధ్రాన్ని సాకదు. దున్నితే వల చిరుగుతుంది. పోగు చస్తే పట్టిన సీసం మళ్ళీ మట్టిపాలే, కాబట్టి ఏడాది పొడుగునా బతికుండే మొక్క కావాలి. అందుకే వట్టివేరు.

బ్యాటరీ ఆసిడ్‌తో నేల పుల్లబడి ఉంటుంది, పులుపు కొలత పీహెచ్ 6.5 వచ్చేదాకా ముందు సున్నం వెయ్యాలి. పిలకల ఆకులు జానెడుకు కత్తిరించి, అడుగు ఎడంగా గుంతలు తీసి, గుంతకు 20 గ్రాముల వ్యామ్ పొడి వేరుకు తగిలేలా వేసి నాటాలి. పైన చల్లితే దండగ. శిలీంధ్రాలను చంపే మందు కార్బెండజిమ్‌లో పిలకలు ముంచకండి.

రెండు నెలలకు సన్నవేళ్ళు నాలుగు తెంపి, 10 శాతం పొటాషియం హైడ్రాక్సైడ్‌లో తెల్లబడేదాకా వేడిచేసి, కడిగి, 5 శాతం నల్ల సిరా కలిపిన వెనిగర్‌లో మూడు నిమిషాలు మరిగించండి. కళ్ళద్దాలు, గ్లౌజులు తప్పనిసరి. కాలేజీ మైక్రోస్కోపు కింద వేరు కణాల్లో చిట్టిచెట్లలా కొమ్మలు కనిపిస్తే వ్యామ్ పట్టినట్టు. ఏమీ లేకపోతే పొడి చచ్చిందో, భాస్వరం ఎక్కువైందో చూసుకోవాలి.

ఆ జాగాలో పొగాకు మాత్రం వద్దు, అది ఇలాంటి విషలోహాలను, ముఖ్యంగా కాడ్మియాన్ని, ఆకుల్లోకే ఎక్కిస్తుంది. కోసిన వట్టివేరు గడ్డిని మేకలకు వెయ్యకండి. సీసం చాలావరకు ఆగేది వేళ్ళలోనే గనక వాటిని తవ్వి తడికలకు అమ్మడం, మంచినీళ్ళ కుండలో వెయ్యడం అసలే కూడదు.