గూడబాతులు సైబీరియా నుంచి రావు: నేలపట్టు, పులికాట్ పక్షులపై అపోహలు - వాస్తవాలు

ప్రతి చలికాలం హైదరాబాద్ నుంచి కొంతమందిని వెంటబెట్టుకుని నేలపట్టు పక్షుల చెరువుకు, పులికాట్ సరస్సుకు వెళ్తుంటాను. రాత్రి రైలెక్కితే తెల్లారేసరికి సూళ్లూరుపేట. పక్షులు మొదటిసారి చూసేవాళ్లే ఎక్కువ, అందుకే ఏ బృందం వచ్చినా దాదాపు ఇవే మాటలు వింటాను.

అపోహ: ఇవన్నీ సైబీరియా నుంచి వచ్చిన విదేశీ అతిథులు.

సూదితోక బాతుల్లాంటివి ఉత్తరాది నుంచి వస్తాయి, నిజమే. కానీ నేలపట్టు చెట్ల మీద వందలుగా కనిపించే గూడబాతు, అంటే స్పాట్-బిల్డ్ అనే రకం పెలికాన్, మన పక్షి. ఇండియా, శ్రీలంక, కంబోడియా లాంటి కొన్ని చోట్ల తప్ప ఇంకెక్కడా గూడు కట్టదు. మన హైదరాబాద్ పక్కనున్న అమీన్‌పూర్ చెరువులో ఈదుతూ కనిపించేదీ ఇదే. ఈశాన్య రుతుపవనాలకు నేలపట్టు చెరువు నిండితే, నీళ్లలో నిలబడ్డ కడప చెట్ల మీద అక్టోబర్ నుంచి గూళ్లు మొదలవుతాయి. చుట్టూ నీళ్లుంటే కుక్కా పిల్లీ చెట్టు దాకా రాలేవు. వాన సరిగా పడని ఏడాది గూళ్లు తగ్గిపోతాయి. నా దృష్టిలో ఇవి అతిథులు కాదు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్లలు. 458 హెక్టార్ల ఆ కాస్త చోటును 1976లో అభయారణ్యంగా ప్రకటించింది కూడా ఈ గూళ్ల కోసమే.

అపోహ: ఒక్కసారి లేపితే ఏమవుతుంది, మళ్లీ వచ్చి కూర్చుంటాయి కదా?

దీని గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. ఒకసారి మా బృందంలో ఒకతను "అన్నా, ఒక్కసారి చప్పట్లు కొడతా, ఎగురుతుంటే ఫొటో అదిరిపోతుంది" అన్నాడు. నేను వద్దనేలోపే కొట్టేశాడు. దగ్గరి చెట్టు మీది పక్షులన్నీ లేచాయి, అవి తిరిగొచ్చేదాకా నాకు ఊపిరాడలేదు. ఎందుకంటే గూడబాతు పిల్ల పుట్టినప్పుడు ఒంటి మీద ఒక్క ఈక ఉండదు, తల్లో తండ్రో రెక్క అడ్డం పెట్టకపోతే ఎండకు కొద్దిసేపట్లోనే వాడిపోతుంది. గుడ్ల కోసం కాకులు పక్కనే కాచుకుని ఉంటాయి. గాభరాగా లేచే పెద్ద పక్షి కాలు తగిలి పిల్ల కింద పడినా అంతే, తల్లి కిందికి దిగి దానికి మేత పెట్టదు. డ్రోన్ ఎగరేస్తే ఇంకా ఘోరం. దయచేసి చప్పట్లు, ఈలలు, డ్రోన్లు వద్దు. బైనాక్యులర్ తెచ్చుకోండి, లేకపోతే నాది ఇస్తాను.

అపోహ: రెట్టలతో చెరువు పాడైపోతుంది.

వాసన వస్తుంది, రెట్టలు పడీ పడీ కొన్ని కొమ్మలు ఎండిపోతాయి కూడా. కానీ అందులో ఉండేది నత్రజని, భాస్వరం. ఆ చెరువు నీళ్లు పారితే పొలానికి ఎరువు వేసినట్టేనని అక్కడి రైతులకు తెలుసు.

అపోహ: ముక్కు కింది సంచిలో చేపలు దాచుకుని పిల్లలకు తెస్తుంది.

అది సంచి కాదు, వల. చేపతో పాటు లీటర్ల కొద్దీ నీళ్లు తోడుకుని, నీళ్లు వంపేసి, చేపను అక్కడికక్కడే మింగేస్తుంది. గూటికొచ్చాక కడుపులోంచి తిరిగి పైకి తెస్తే, పిల్ల తల్లి నోట్లోకి తల దూర్చి తింటుంది. మొదటిసారి చూసినవాళ్లు తల్లే పిల్లను మింగేస్తోందని భయపడతారు.

రాజహంసల (ఫ్లెమింగోల) గురించి కూడా ఒక మాట. చిలికా తర్వాత దేశంలో అంత పెద్ద ఉప్పునీటి సరస్సు పులికాట్, అక్కడికి ఫ్లెమింగోలు వచ్చేది మేత కోసం. అవి ప్రధానంగా గుడ్లు పెట్టేది గుజరాత్‌లోని కచ్ రణ్‌లో, బురదతో కట్టిన దిబ్బల మీద. గులాబీ రంగు పుట్టుకతో రాదు. పిల్లలు బూడిద రంగులో ఉంటాయి, తినే నాచు, చిన్న చిన్న రొయ్యల్లోని రంగే తర్వాత ఈకలకు పడుతుంది.

చివరగా, తెల్లవారుజామునే చేరకపోతే ఏమీ కనిపించదని టెన్షన్ పడేవాళ్లకు: గూళ్ల మీద పక్షులు రోజంతా ఉంటాయి. ఎండెక్కి గాలి వేడెక్కాక, తొమ్మిదీ పదింటి మధ్య వాచ్‌టవర్ మీద ఉండండి. గూడబాతులు రెక్క ఆడించకుండా, గుండ్రంగా తిరుగుతూ పైకి లేచి, మేత కోసం పులికాట్ వైపు సాగిపోతాయి.