షుగర్ మాత్ర పట్టు తప్పడం వెనుక బీటా కణం

కందుకూరు, కావలి వంటి ఊళ్లలో పరగడుపున రక్తమిచ్చి, టిఫిన్ తిని, రెండు గంటల తర్వాత మళ్లీ ఇవ్వడానికి ల్యాబు బయట బల్లపై కూర్చున్నవారి నోట ఒక ఫిర్యాదు తరచూ వినిపిస్తుంది: మొదట్లో ఒక్క మాత్రకే లొంగిన షుగర్ ఇప్పుడు రెండు వేసుకున్నా దిగడం లేదని. తప్పు కంపెనీదనో, తిండిదనో అనుకుంటారు. తిండి పాత్ర లేకపోలేదు గాని, అసలు కారణం క్లోమంలో ఇన్సులిన్ తయారుచేసే బీటా కణం గ్లూకోజును కొలిచే తీరులో ఉంది.

1869లో పాల్ లాంగర్‌హాన్స్ క్లోమంలో విడిగా కనిపించే కణాల గుంపులను గుర్తించారు. బీటా కణాలు ఉండేది వాటిలోనే. 1921లో టొరంటోలో ఇన్సులిన్ చేతికందింది. రక్తంలో చక్కెర పెరిగిందని ఆ కణానికి ఎలా తెలుస్తుందో మాత్రం మరో అరవై ఏళ్ల దాకా తేలలేదు.

మందు అంతకు ముందే వచ్చేసింది. 1942లో ఫ్రాన్సులోని మాంపెలియేలో టైఫాయిడ్ రోగులకు ఒక సల్ఫా మందు ఇస్తుండగా కొందరికి చక్కెర ప్రమాదకరంగా పడిపోయింది. ఆ గమనింపు నుంచి పుట్టిన, చక్కెర తగ్గించే సల్ఫనైల్‌యూరియా మందుల కుటుంబానిదే నేడు మన మందుల షాపుల్లో దొరికే గ్లైమిపిరైడ్.

అది పనిచేసే చోటు 1980లలో స్పష్టమైంది. మధ్యాహ్నం నెల్లూరు మసూరి అన్నం తిన్న మనిషి రక్తంలోని గ్లూకోజును బీటా కణం గ్లూకోకైనేజ్ అనే ఎంజైముతో పట్టుకుని, విచ్ఛిన్నం చేసి, చివరకు కణపు శక్తి కేంద్రాలైన మైటోకాండ్రియాలో ఏటీపీ అనే శక్తి అణువును తయారుచేస్తుంది. (భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు, సైరస్ ఫిస్క్‌తో కలిసి 1929లో కండరంలో గుర్తించిన ఏటీపీయే ఇది, జర్మనీలో లోమాన్ కూడా అదే ఏడు విడిగా కనుగొన్నారు.) ఏటీపీ పెరిగితే కణపొరలోని పొటాషియం ద్వారాలు మూసుకుంటాయని, దాంతో కాల్షియం లోపలికి వచ్చి ఇన్సులిన్ వెలువడుతుందని 1984 పరిశోధనలు చూపాయి. మాత్ర ఆ ద్వారాలను నేరుగా మూస్తుంది. ఏటీపీ తయారీలో మందగింపు ఉంటే దాన్ని సరిచేయదు.

నా దృష్టిలో ఈ తేడాకు గట్టి సాక్ష్యం పసిబిడ్డల్లో దొరికింది. పుట్టిన ఆరు నెలల్లోపే మధుమేహం వచ్చే కొందరిలో ఆ ద్వారాన్ని మూసుకోనివ్వని లోపం దాని జన్యువులోనే ఉందని 2004లో తేలింది. అలాంటివారిలో చాలామంది ఇన్సులిన్ మాని మాత్రకు మారి, ఏళ్ల తరబడి దానితోనే అదుపులో ఉన్నారు. పెద్దల్లో వచ్చే టైప్ 2లో చిక్కు ద్వారానికి ముందే, శక్తి తయారయ్యే చోట కూడా ఉంటుంది.

1984 నాటి పరిశోధకుల్లో ఒకరైన ఫ్రాన్సెస్ ఆష్‌క్రాఫ్ట్ బృందం, దీర్ఘకాలం అధిక చక్కెరకు గురైన బీటా కణాల్లో మైటోకాండ్రియా పని బాగా కుంటుపడుతుందని 2019లో ఎలుకలపై చూపింది. హాని చేసేది గ్లూకోజు కాదని, కణంలో అది విచ్ఛిన్నమవుతూ ఏర్పడే పదార్థాలని 2022లో తేల్చింది. గ్లూకోకైనేజ్‌ను అణచినప్పుడు ఆ నష్టం తగ్గింది. అదే ఎంజైమును ఉత్తేజపరిచే డోర్జాగ్లియాటిన్‌ను మధుమేహానికి మందుగా చైనా ఆమోదించింది కూడా ఆ ఏడాదే కావడంతో, అలసిన కణాన్ని ఇంకా పని చేయించాలా, కొంతకాలం విశ్రమించనివ్వాలా అన్న వాదం పరిశోధకుల మధ్య సాగుతోంది.