చట్టం గుమ్మం దాకా వచ్చినప్పుడల్లా ఒక ప్రమాణం

కూడలిలో ట్రాఫిక్ పోలీసు కనిపించగానే పెట్రోలు ట్యాంకు మీది హెల్మెట్ తలకెక్కుతుంది. పిల్లలకు చూపే తిండి ప్రకటనలపై అమెరికా కంపెనీలు తమకు తాము పెట్టుకున్న నియమాల చరిత్ర చదువుతుంటే నాకు ఆ హెల్మెట్టే గుర్తుకొస్తుంది.

1970లలో అక్కడ శనివారం ఉదయమంటే కార్టూన్ల వేళ. మధ్యమధ్య చక్కెర పూసిన సీరియల్ (పాలల్లో వేసుకుని తినే ధాన్యపు అల్పాహారం), చాక్లెట్ల ప్రకటనలు. పెగ్గీ చారెన్ అనే తల్లి మరికొందరితో కలిసి 1968లో మొదలుపెట్టిన ‘యాక్షన్ ఫర్ చిల్డ్రన్స్ టెలివిజన్’ సంస్థ దీనిపై అర్జీల మీద అర్జీలు పెట్టింది. 1974లో ప్రకటనల పరిశ్రమ ‘చిల్డ్రన్స్ అడ్వర్టైజింగ్ రివ్యూ యూనిట్’ పేరుతో సొంత కాపలా ఏర్పాటు చేసుకుంది. ప్రకటన పిల్లలను మభ్యపెడుతోందా అని చూడటం దాని పని. అమ్మే సరుకులో చక్కెర ఎంత అన్నది దాని లెక్కలోకి రాదు.

అసలు పోరు 1978లో జరిగింది. మైకేల్ పెర్ట్‌షుక్ నాయకత్వంలోని ఫెడరల్ ట్రేడ్ కమిషన్ (వ్యాపారాల తీరుపై నిఘా ఉంచే ప్రభుత్వ సంస్థ), ప్రకటన ఉద్దేశం అర్థం కాని పసిపిల్లలకు ఏ ప్రకటనలూ చూపకూడదని, కాస్త పెద్ద పిల్లలకు పళ్లను పాడుచేసే తీపి సరుకుల ప్రకటనలు చూపకూడదని ప్రతిపాదించింది. కంపెనీలు, టీవీ సంస్థలు, ప్రకటనకర్తలు ఒక్కటై విరుచుకుపడ్డారు. కమిషన్ దేశానికే ఆయా అవుతోందని వాషింగ్టన్ పోస్ట్ సంపాదకీయం ఎగతాళి చేసింది. 1980లో కాంగ్రెస్, అంటే అమెరికా చట్టసభ, ఈ విషయంలో కమిషన్ అధికారాన్ని కత్తిరించింది. మరుసటి ఏడాది కమిషన్ ఫైలు మూసేసింది. విచిత్రమేమిటంటే, పసివాళ్లకు ప్రకటనల మర్మం తెలియదన్న మాటను మూసేటప్పుడు కూడా దాని సిబ్బంది కాదనలేదు. అమలు చేయదగ్గ మార్గం దొరకలేదన్నారు, అంతే.

తర్వాత పాతికేళ్లు పరిశ్రమకు పెద్ద చిక్కేమీ రాలేదు. ఊబకాయం చర్చ ముదిరాక, 2005 డిసెంబరులో ఆరోగ్య విషయాలపై సలహాలిచ్చే నిపుణుల సంస్థ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ మెడిసిన్ నివేదిక వచ్చింది. పిల్లలు ఏం కావాలని అడుగుతారో టీవీ ప్రకటనలు ప్రభావితం చేస్తున్నాయని, కంపెనీలు తమంతట తాము మారకపోతే కాంగ్రెస్ చట్టం చేయాలని అది తేల్చింది. ఏడాది తిరగకుండానే, 2006 నవంబరులో, కోకాకోలా, పెప్సికో, కెల్లాగ్, మెక్‌డొనాల్డ్స్ సహా 10 కంపెనీలు కొత్త ప్రమాణం చేశాయి. 12 ఏళ్లలోపు పిల్లలకు చూపే ప్రకటనల్లో కనీసం సగం మెరుగైన ఆహారానికో, ఆరోగ్యకర అలవాట్లకో కేటాయిస్తామన్నాయి.

మెలిక ఎక్కడుందంటే, ‘మెరుగైనది’ ఏదో నిర్ణయించే కొలబద్ద అప్పట్లో ఏ కంపెనీకి ఆ కంపెనీదే. దావా వేస్తామని వినియోగదారుల సంఘాలు బెదిరించాక 2007లో కెల్లాగ్ ఒప్పుకున్న పరిమితి ఒక్కసారి తినే సీరియల్‌లో 12 గ్రాముల చక్కెర, అంటే సుమారు మూడు చెంచాలు. ‘పిల్లల కార్యక్రమం’ అన్న మాటకూ నిర్వచనం కంపెనీలదే. ప్రేక్షకుల్లో పిల్లల వాటా గీత దాటితేనే అది లెక్కలోకి వస్తుంది. ఇంటిల్లిపాదీ చూసే పాటల పోటీలో లక్షలాది పిల్లలున్నా, పెద్దలు అంతకంటే చాలా ఎక్కువగా ఉంటే ఆ గీత దాటదు.

2011 ఏప్రిల్‌లో నాలుగు ప్రభుత్వ సంస్థలు పిల్లల ప్రకటనల్లో చూపే ఆహారానికి ఉమ్మడి పోషక పరిమితుల ముసాయిదా తెచ్చాయి. అదీ ఐచ్ఛికమే, అయినా గగ్గోలు పుట్టింది. జులైలో కంపెనీలు తమ సొంత ఉమ్మడి కొలబద్ద ప్రకటించాయి. దాని అమలుకు గడువు 2013 డిసెంబరు 31. ఈలోగా ప్రభుత్వ ముసాయిదాను ఖరారు చేసే ముందు దాని ఖర్చు, లాభం లెక్క తేల్చాలని కాంగ్రెస్ షరతు పెట్టింది. ప్రభుత్వ ముసాయిదా ముసాయిదాగానే ఉండిపోయింది.