గెలాక్సీ ఫోటోకి కావాల్సింది జూమ్ కాదు

"ఆండ్రోమెడా గెలాక్సీ ఫోటో తీయాలంటే ఎన్ని ఎక్స్ టెలిస్కోప్ కొనాలన్నా?" అని నెలకొకరైనా అడుగుతారు. మొన్న ఒకాయన అడగలేదు, కొనేసి వచ్చాడు. డబ్బా మీద 675 ఎక్స్, అంటే 675 రెట్లు పెద్దగా చూపిస్తుందని ఉంది. స్టాండు ముట్టుకుంటే ఊగుతోంది. "మా బాబు ఎదురుచూస్తున్నాడు సార్, ఏం కనపడట్లేదు, నాకే చేతకావట్లేదేమో" అంటుంటే జాలేసింది. తప్పు ఆయనది కాదు.

అపోహ: అంత దూరంలో ఉందంటే దగ్గరకు లాగి చూపించేది కావాలి.

వాస్తవం: ఆండ్రోమెడా 25 లక్షల కాంతి సంవత్సరాల దూరంలో ఉన్న మాట నిజమే. కానీ ఆకాశంలో దాని పొడవు 3 డిగ్రీలు. అంటే ఆరు నిండు చందమామలను పక్కపక్కన పేర్చినంత! అది మనకు కనపడనిది చిన్నదై కాదు, మసకగా ఉండి. జూమ్ చేసేకొద్దీ ఆ మసక వెలుగు ఇంకా పలచబడుతుంది. కావాల్సింది వెలుతురు పోగెయ్యడం, అంటే గంటల తరబడి ఎక్స్‌పోజర్ (కెమెరాలోకి వెలుగు పడనివ్వడం). ఆకాశమేమో గంటకు 15 డిగ్రీలు జరిగిపోతుంది. 135 ఎంఎం లెన్స్‌తో రెండు మూడు సెకన్లకే చుక్కలు గీతలైపోతాయి. అందుకే డబ్బులుంటే ముందు ట్రాకర్ కొనండి, అది ఆకాశంతో పాటే కెమెరాను మెల్లగా తిప్పుతుంది. వర్ల్‌పూల్ లాంటి గెలాక్సీలు చందమామలో మూడో వంతే ఉంటాయి, వాటికి ఎక్కువ ఫోకల్ లెంగ్త్, అంటే దగ్గరకు లాగే లెన్స్ కావాలి. ఆ సంగతి తర్వాత.

ట్రాకర్‌కీ ఓ తిప్పలుంది, దాన్ని ధ్రువం వైపు గురిపెట్టాలి. హైదరాబాద్‌లో ధ్రువనక్షత్రం 17 డిగ్రీల ఎత్తులోనే ఉంటుంది. మా డాబా మీంచి చూస్తే సరిగ్గా పక్కింటి వాటర్ ట్యాంకు వెనక! మొదటి చలికాలమంతా ఆ ట్యాంకును తిట్టుకుంటూనే గడిపాను. ఇప్పుడు ఆకాశంలో ఇంకోచోట తీసిన మూడు ఫోటోలతో, ట్రాకర్‌ను ఎటు తిప్పాలో సాఫ్ట్‌వేరే లెక్కకట్టి చెబుతోంది.

సిటీ లైట్ల వెలుగును ఆపడానికి ఫిల్టర్ పెడితే చాలంటారు. ఒకట్రెండు రంగుల వెలుగునే వదిలే నారోబ్యాండ్ ఫిల్టర్ నెబ్యులాలకు, అంటే వాయుమేఘాలకు, బ్రహ్మాండం. గెలాక్సీ వెలుగు నక్షత్రాలది, అన్ని రంగులూ ఉంటాయి కాబట్టి ఫిల్టర్ దాన్నీ కోసేస్తుంది. ఊరి బయటికి వెళ్ళండి, లేదా ఇంకా ఎక్కువ గంటలు తీయండి. రంగులన్నీ ఫోటోషాప్ మాయ అనేవాళ్ళకు ఒక్కటే మాట: చీకట్లో మన కంటికి రంగు తెలియదు, సెన్సర్‌కు తెలుస్తుంది.

ఆ 675 ఎక్స్ కొన్నాయన దగ్గర పాత డీఎస్‌ఎల్‌ఆర్ కెమెరా, 50 ఎంఎం లెన్స్ ఉన్నాయట. ట్రాకర్ లేకుండానే నాలుగేసి సెకన్ల ఫోటోలు మూడొందలు తీసి సిరిల్ అనే సాఫ్ట్‌వేర్‌లో స్టాక్ చేద్దామన్నాను, అంటే అన్నిటినీ కలిపి ఒకే ఫోటో చేయడం. అది ఉచితమే. డిసెంబర్ అమావాస్యకు బాబును తీసుకుని రమ్మన్నాను. రాత్రి ఎనిమిదింటికి ఆండ్రోమెడా దాదాపు నడినెత్తిన, కాస్త ఉత్తరంగా ఉంటుంది. ట్యాంకు అడ్డురాదు.